చుక్క పెట్టే పిడికిలి

ఈ ఉదయం పెరట్లో దొండపాదు ఎండు తీగలు తీసేస్తుంటే నాలుగు ముదురాకులు అరచేతిలో నలిగి, పసరు వేళ్ల సందుల్లోకి దిగింది. కుళాయి దగ్గరికి వెళ్తూ వెళ్తూ ఎందుకో చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అంతే. అమలాపురంలో మా పెరడు, కుళాయి కింద నిండుతున్న బకెట్టు, పక్కింటివాళ్ల మోటారు రొద అన్నీ ఎటో పోయాయి. మలికిపురం వెళ్లే దారిలో కాలవగట్టు మీద పెంకులు జారిన రెండు గదుల బడి, గోడకి ఆనించిన నల్లబల్ల, దాని మీద ఇంకా ఆరని తడి మెరుపు వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. దొండాకు పసరులో బొగ్గుపొడి కలిపి బల్లకి రుద్దితే వచ్చే వాసన అది. ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఎరగనివాళ్లకి ఎంత చెప్పినా అందదు. పచ్చిగా, చేదుగా, కొంచెం మసిగా, వాన కురిసేరోజు పొయ్యి దగ్గర కూర్చున్నట్టుంటుంది.

శనివారం మధ్యాహ్నం బల్ల రుద్దడం మాకు పండగ. ఆకు తెచ్చే వంతు ఒకరిది, ఇంట్లో పొయ్యిలోంచి బొగ్గులు కాజేసి తెచ్చే వంతు ఇంకొకరిది, రాతి మీద నూరే వంతు ఎవరిదన్నదాని మీద ఎప్పుడూ తగువే, రుద్దడానికి మాత్రం అందరం ఎగబడేవాళ్లం. మోచేతుల దాకా పచ్చా నలుపూ కలిసిన రంగు పట్టేది. మర్నాడు తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, రెండు జడలు వేసి, ఉతికిన గౌను తొడిగి చర్చికి బయల్దేరదీసే వేళకి మా అమ్మ నా చేతులు చూసి నెత్తి కొట్టుకునేది. కొబ్బరిపీచు పెట్టి తోమినా వదిలేది కాదు. "చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చో, ఎవరికీ చూపించకు" అనేది. చేతులు దాచుకోమంటే నా నోరు కట్టేసినట్టేనని అమ్మకి తెలీక కాదు, తెలిసి ఏం చెయ్యాలో తోచక.

ఇప్పుడు నా వాగుడు విన్నవాళ్లెవరూ నమ్మరు గానీ, చిన్నప్పుడు నాకు నత్తి. ప అన్నా, క అన్నా, త అన్నా మాట గొంతు దాకా వచ్చి గడియ పడిపోయేది. పెదవులు బిగుసుకునేవి, కళ్లల్లో నీళ్లు తిరిగేవి, ఎదుటివాళ్లు జాలిపడి నా మాట వాళ్లే పూర్తిచేసేసేవారు, అది మరీ ఏడుపొచ్చే పని. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, తేనెలో వసకొమ్ము అరగదీసి నా నాలిక మీద రాసేది. మా పాస్టరుగారు, ఊళ్లో అందరూ అయ్యగారు అనేవారు, నెత్తి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేవారు. వస వల్ల నాలిక మండడం తప్ప ఇంకేమీ జరగలేదు. మాట్లాడకపోతే తట్టుకోవడమూ ఉండదు గదా అని నేను మాట్లాడ్డమే మానేశాను. దాహానికి బొటనవేలు, ఆకలికి పొట్ట, కోపానికి వీపు చూపించి కాలం గడిపాను. బళ్లో చదివే వంతు నాకొచ్చినప్పుడు అప్పటి మాస్టారు నా మీంచి చూపు దాటించి పక్కపిల్లని లేపేవారు. మూడో తరగతికి వచ్చినా నాకు చదవడం వచ్చో రాదో ఎవరికీ తెలీదు, నిజం చెప్పాలంటే నాకూ తెలీదు.

మామ్మకి అదే దిగులు. ఆవిడ వయసంతా పరాయి చేలల్లో ఒంగి నాట్లు వేసి, కలుపు తీసి, ఒక్క కొడుకుని చదివించి పోస్టాఫీసులో కూర్చోబెట్టింది. ఆ కొడుక్కి పుట్టిన పిల్ల నోరు పెగలక బడి మానేస్తే తన బతుకంతా మళ్లీ మొదటికొచ్చినట్టే అనుకునేది. సాయంత్రం వరండాలో నా తల దువ్వుతూ, "దీనికి సదువు రాకపోతే మళ్లీ సేలోకే గదరా దిగాల, నా నడుం నొప్పి దీనికెందుకురా" అని నాన్నగారితో అనేది. ఆయన కాగితం చదువుతున్నట్టు నటించేవారు. నేను దువ్వెన పళ్లు లెక్కపెడుతున్నట్టు నటించేదాన్ని.

ఆ వేసవి సెలవులయ్యాక, కాలవలోకి కొత్త నీరు ఎర్రగా వదిలిన రోజుల్లో, సౌభాగ్యం టీచరుగారు వచ్చారు. రాజోలు బస్సు వంతెన దగ్గర దిగి, నల్ల గొడుగు వేసుకుని, భుజాన గుడ్డసంచీతో గట్టు వెంట నడిచి వచ్చేవారు. పొట్టి మనిషి, పెద్ద చేతులు. ఆ చేతులు ఊరికే ఉండగా నేనెన్నడూ చూడలేదు. మొదటిరోజు ఆవిడ హాజరు పుస్తకం తెరవలేదు, పేర్లు అడగలేదు. "మీ ఇళ్లల్లో ఏం పని చేస్తారో చేత్తో చూపించండర్రా, నోరు మెదపకూడదు. నేను చెప్పేస్తా" అన్నారు. ఒకడు గాల్లో కొబ్బరిచెట్టెక్కాడు, ఒకడు వల విసిరాడు, ఒకత్తి పీచు పేనింది, ఒకడు తెడ్డు వేశాడు. ఆవిడ ఠకీమని చెప్పేస్తుంటే మేం నోళ్లు తెరిచాం. నా వంతు వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అందరితో సమానంగా నా వంతు రావడం అదే మొదలు. నాన్నగారు పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్ర గుద్దడం గుర్తొచ్చి, ఎడమ అరచెయ్యి చాపి, కుడి పిడికిలితో దాని మీద టప్‌మని గుద్దాను. ఆవిడ ఆగిపోయారు. "మళ్లీ చెయ్యమ్మా" అన్నారు. మళ్లీ గుద్దాను. పక్కపిల్ల నా పేరు కరుణ అని అందించింది. నల్లబల్ల దగ్గరికి వెళ్లి సుద్దతో ఇంత చుక్క పెట్టి, నా వైపు తిరిగి, "వాక్యం అయిపోయిందని చెప్పేది ఇదే. ఇది కరుణ ఇచ్చిన చుక్క. కరుణ చెయ్యి పడ్డాకే మనందరికీ వాక్యం అయినట్టు" అన్నారు.

అన్నమాట ఆవిడ చివరిదాకా నిలబెట్టుకున్నారు. క్లాసంతా ఒక వాక్యం చదివి పిడికిళ్లు గుద్దాక, నాది ఇంకా గాల్లో ఉంటే, తరవాతి వాక్యం మొదలుపెట్టకుండా చిరునవ్వుతో నిలబడేవారు. ముప్పయి మంది పిల్లలు నా కోసం ఆగడం! అంతకుముందు నా కోసం ఆగినవాళ్లు జాలితో ఆగారు. ఈవిడ పని ఉండి ఆగినట్టు ఆగేవారు.

ఇక ఆ ఏడాది మా బళ్లో జరిగిందంతా నాకు ఇప్పటికీ కనికట్టులాగే తోస్తుంది. కామా అంటే చూపుడువేలు కొక్కెంలా వంచి, గాలి లోపలికి పీల్చడం. ఆశ్చర్యానికి ముక్కు మీద వేలు. ప్రశ్నకి కనుబొమ్మలు ఎగరేసి అరచెయ్యి తిప్పడం. ఎవరైనా అన్న మాటని రాసేటప్పుడు పెట్టే గుర్తులకి కాలవ అవతలివాళ్లని కేకేసినట్టు రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకోవడం. విశేషణం అంటే పేరుకి పూలు పెట్టడమని చెప్పి, జడలో పూలు తురుముకున్నట్టు చేసేవారు. క్రియకి ఒళ్లంతా కదలాల్సిందే. జరిగిపోయింది చెప్తే చెయ్యి భుజం మీంచి వెనక్కి, జరగబోయేది చెప్తే ముందుకి, ఇప్పుడు జరుగుతున్నదైతే కాలు నేలకి తాటించడం. పేరా మార్చడమంటే చేను గట్టు దాటడం. ఒక మడిలో పని పూర్తయితేనే గట్టు దాటి ఇంకో మడిలోకి అడుగు పెట్టాలని, బడి వాకిట్లో బొగ్గుతో మళ్లు గీసి మా చేత దాటించేవారు. విరామంలో ఆ మళ్లే మాకు తొక్కుడుబిళ్ల గళ్లు. ఇందులో ఒక్కటీ ఆవిడ ఎక్కణ్ణించో తెచ్చింది కాదు. రేవులో బట్టలుతికే ఆడవాళ్లు, చేలో నాట్లు వేసేవాళ్లు, పడవ నడిపేవాళ్లు దూరం నుంచి ఒకరితో ఒకరు మాట్లాడుకునే చేతులవి. ఊరంతా గాల్లో రాసిపడేస్తున్న వ్యాకరణాన్ని ఆవిడ ఏరుకొచ్చి మాకు పంచిపెట్టారు. ఆ సంగతి పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. తట్టిననాడు నిజంగానే ముక్కు మీద వేలేసుకున్నాను.

ఒకరోజు నేల మీద సుద్దతో కాలవ గీసి, ఈ ఒడ్డున ఒకణ్ణి నిలబెట్టి వాడికి రాజు అని పేరు పెట్టారు. అవతలి ఒడ్డున నిలబడ్డవాడు బడి. వాడి వెనకాల నిలబడ్డ మూడోవాడి పేరు "వెళ్లాడు". "రాజు బడి వెళ్లాడు. వెళ్లగలడా? మధ్యలో దాటడానికి బల్ల లేదు గదర్రా, కాలవలో పడతాడు" అన్నారు. మేం పకపకా నవ్వాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కాలవ మధ్యలో నిలబెట్టారు. "ఈ పిల్ల కి. ఈవిడ పలికితేనే రాజు బడికి చేరతాడు." అందరూ నా వైపు చూశారు. క అంటేనే నాకు భయం. రాజు ఒంటికాలి మీద నిలబడి ఊగుతున్నాడు, ఆ వెర్రినాగన్న నిజంగానే కాలవలో పడతానన్నంత కంగారు పడుతున్నాడు. టీచరుగారు వేలు కొక్కెంలా వంచి గాలి పీల్చారు. నేనూ పీల్చాను. "కి" అన్నాను. ఒక్క అక్షరం, తట్టుకోకుండా, గట్టిగా. రాజు నన్ను దాటుకుని పరుగెత్తి బడిని వాటేసుకున్నాడు. ఇంత చిన్న అక్షరం మీద ఒక మనిషి ఏరు దాటడం నా కళ్లతో నేను చూశాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, మామ్మకీ, ఆవుకీ, దొండపాదుకీ కూడా "కి" తగిలించాను.

ఇంట్లో మా మామ్మే నాకు తోడు విద్యార్థిని. వానాకాలం సాయంత్రాలు, చూరు నీళ్లు తాటాకు మీంచి ధారగా కారుతుంటే, పనస పొట్టు కొడుతూనో, పొట్టిక్కల పిండి పోసి ఉడికించడానికి పనసాకు బుట్టలు కుడుతూనో కూర్చుని, నేను చూపించిందల్లా చేసేది. అన్నం దగ్గర నాన్నగారు కూర బాగుందనో లేదనో ఏదంటే దానికి గరిటె పక్కన పెట్టి పిడికిలి గుద్దేది. కొన్నాళ్లకి మా ఇంట్లో చుక్క పడకుండా ఎవరూ మాట ముగించలేని పరిస్థితి వచ్చింది. అమ్మ విసుక్కునేది గానీ, పప్పులో ఉప్పు ఎక్కువైనరోజు ముక్కు మీద వేలేసుకున్నది మొదట ఆవిడే.

అసలు గొడవ చర్చిలో వచ్చింది. మా అయ్యగారు మంచివారు, కానీ ఆయన ప్రార్థన మొదలుపెడితే గనుక, మరియు, కావున అనుకుంటూ ఊరి కాలవలా పోతూనే ఉండేది. ఒక ఆదివారం ముందుచాపల మీద కూర్చున్న మేమందరం, అలవాటు కొద్దీ, ఆయన నోరు తెరవగానే పిడికిళ్లు పైకెత్తి చుక్క కోసం సిద్ధంగా ఉన్నాం. చుక్క రాదు. రోగులు, ప్రయాణికులు, పరీక్షలు రాసేవాళ్లు, పాలకులు అందరూ అయ్యారు. చేతులు లాగేస్తున్నాయి. కొందరు కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని నిలబెట్టారు. ఒకచోట అయ్యగారికి దగ్గొచ్చి ఆగారు. అదే అదననుకుని సగంమందిమి టప్‌మని గుద్దేశాం. ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచారు. ఎదురుగా పిల్లలందరివీ పిడికిళ్లు! ఆయనకి ఏమనిపించిందో గానీ రెండు ముక్కల్లో ఆమెన్ అనేశారు. మిగిలిన సగంమంది అప్పుడు గుద్దారు. మగవాళ్ల వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆడవాళ్ల చాపలు కదిలిపోయాయి.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పెద్దమాస్టారు, ఆదివారాలు మా చర్చికే వచ్చే టీచరుగారిని ఆపారు. ఆయన సంఘపెద్ద, రిటైరైన హెడ్మాస్టరు, మా నాన్నగారికి అక్షరాలు నేర్పినాయన, ఊళ్లో సగం ఉద్యోగాలకి ఆయన బెత్తమే కారణమని ప్రతీతి. బెత్తం లేకుండా కూడా నిటారుగా ఉండేవారు.

"ఏంటమ్మా ఈ చేష్టలు? చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పించి చదివించేను నేను. పిల్లలికి చదువు నోటితో రావాలి గానీ చేతుల్తో వస్తాదా?"

"ఆయ్, నోటితోనే వస్తుందండీ. చెయ్యి దారి చూపిస్తుందండీ, అంతే."

"అలాగైతే కోత పండక్కి మన బడి పిల్ల ఒకత్తి లేచి, చేతులు కట్టుకుని, కృతజ్ఞత ప్రార్థన చదవాలి. వేలు కదలకూడదు. చదివిందా, నేను మళ్లీ మాట్లాడను. లేదా, ఈ గంతులు కట్టిపెట్టి పుస్తకం పట్టించండి."

"ఆయ్, అలాగేనండీ. మా కరుణ చదువుతుందండీ."

అమ్మ ముఖం తెల్లబోయింది. మామ్మ నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే సాయంత్రానికి వేళ్ల గుర్తులు తేలాయి. నేను ఓడితే నా ఒక్కదాని నోరే కాదు, బడిలో చేతులన్నీ ఆగిపోతాయి, కి అనే బల్ల కాలవలో కొట్టుకుపోతుంది. ఆ వయసులో అంత బరువు నా మీద ఎందుకు పెట్టారని టీచరుగారి మీద కోపమొచ్చింది. నన్ను నమ్మారని ఒళ్లు పులకరించింది కూడా.

అప్పట్నించి కోతలయ్యేదాకా బడి విడిచాక నన్ను కాసేపు ఉంచేవారు. కృతజ్ఞత ఆవిడే రాశారు, కానీ అక్షరాల్లో ఇవ్వలేదు. క్యాలెండరు వెనక వరికంకి, కొబ్బరికాయ, కాలవ, పడవ, కూలిమనిషి, తెరిచిన నోరు బొమ్మలు వరసగా వేసి, ఒక్కో బొమ్మకీ మధ్య ఒక కొక్కెం గీశారు. మొదటి బొమ్మకి ముందు కూడా ఒక కొక్కెం ఉంది. "ముందు గాలి, తరవాత మాట. తొందరేం లేదు, వరి ఎక్కడికీ పారిపోదు" అనేవారు. మొదట చెయ్యంతా ఊపి చదివించారు. కొన్నాళ్లకి మోచెయ్యి కదలకూడదన్నారు. ఆ తరవాత మణికట్టు. ఆ తరవాత ఒక్క వేలు, అదీ చంకలో దాచుకుని. చెయ్యి చిన్నదవుతున్నకొద్దీ మాట పెద్దదవుతుంటే నాకు నా గొంతే కొత్తగా వినపడేది. బయట కోసిన చేల మీంచి గడ్డి వాసన, ఎక్కడో నానబెట్టిన కొబ్బరిపీచు కుళ్లు వాసన, ఆరుతున్న నల్లబల్ల వాసన కలిసి వచ్చేవి. పొద్దు వాలేవేళ ఇద్దరం వంతెన దాకా నడిచేవాళ్లం, ఆవిడ బస్సెక్కి కిటికీలోంచి కొక్కెం చూపించి గాలి పీల్చేవారు.

కోత పండగ అంటే మా చర్చికి పెళ్లికళ. వరికంకుల కుచ్చులు గుమ్మాలకి, అరటిగెలలు స్తంభాలకి, వేదిక ముందు ప్రతి ఇంటివాళ్లూ తెచ్చిన కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, ఆనపకాయలు, బుట్టల్లో గుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు, చెరువుల వాళ్లు తెచ్చిన చేపలు. వెనక పాకలో ప్రేమవిందుకి కాగుతున్న పులుసు, వేయించిన మసాలా వాసన ప్రార్థనలోకి దూరి అందరి మనసులూ చెడగొడుతుంటాయి. మా పాదు దొండకాయలు కూడా ఒక చేటలో అక్కడే ఉన్నాయి. అయ్యగారు నా పేరు పిలిచారు. నేను లేచి, వేదిక ముందు నిలబడి, చేతులు కట్టుకున్నాను. ముందుచాపల మీద మా వాళ్లందరూ చేతులు కట్టుకునే కూర్చున్నారు, టీచరుగారి ఆజ్ఞ. ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, ఆవిడ చేతులూ కట్టుకునే ఉన్నాయి. ఆ పెద్ద చేతులు అలా కట్టేసినట్టు ఉండడం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మొదటి మాట ప్రభువా. ప్ దగ్గర పెదవులు బిగుసుకున్నాయి. గడియ పడింది. ఒక కోడి కొక్కొరొక్కో అని మొదలెట్టి మానేసింది. పెద్దమాస్టారు కళ్లు మూసుకున్నారు. ఆయన ఎగతాళిగా మూసుకోలేదు, నా అవస్థ చూడలేక మూసుకున్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు చంకలో నా వేలు, నేను చెప్పకుండానే, కొక్కెంలా వంగింది. గాలి లోపలికొచ్చింది. "ప్రభువా," అన్నాను. మాట బయటపడింది. "వరి ఇచ్చావు, కొబ్బరి ఇచ్చావు, కాలవ నిండా నీరు ఇచ్చావు, పడవకి రేవు ఇచ్చావు, కూలికి బలం ఇచ్చావు, మాకు మాట ఇచ్చావు." ఒక్కో కొక్కెం దగ్గరా ఆగి, తొందరపడకుండా, ఆఖరి బొమ్మ దాకా వచ్చేశాను. అయిపోయింది. చుక్క పెట్టాలి. చేతులు కట్టుకుని ఉన్నాను. పిల్లలు కట్టుకుని ఉన్నారు. చర్చి అంతా నా ముఖమే చూస్తోంది, వాక్యం గాల్లో వేలాడుతోంది.

ఆడవాళ్ల చాపల మీంచి టప్‌మని వినిపించింది. మా మామ్మ. ఒంగి ఒంగి గూనిపడ్డ నడుంతో, లేచి నిలబడి, అరచేతిలో పిడికిలి గుద్ది, చుట్టూ ఒకసారి చూసి, "అయిపోయిందండీ" అని మళ్లీ కూర్చుంది. నా చదువు గురించి ఆ తరవాత మామ్మ ఎన్నడూ బెంగపడలేదు.

పెద్దమాస్టారు గొంతు సవరించుకుని వేలంపాటకి లేచారు. దేవుడికి తెచ్చిన పంటని వేలం వెయ్యడం మా ఆచారం, ఏటా ఆయనే పాట నడిపించేవారు. మా దొండకాయల చేట పైకెత్తారు. పాట పైకి పోయింది. "ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!" అని ఎడమ అరచేతిలో పిడికిలి టప్‌మని గుద్దారు. ఆ గుద్దుతోపాటు ముందుచాపల మీది పిల్లలందరివీ పిడికిళ్లు ఒక్కసారే పడ్డాయి. ఆజ్ఞ ఎవరికి గుర్తుంటుంది! ఆయన అదిరిపడి మా వైపు చూశారు. తరవాత తన పిడికిలి చూసుకున్నారు. ఎన్నేళ్లుగా అలా గుద్దుతున్నారో ఆయన. తలుపు దగ్గర టీచరుగారు తల వంచుకున్నారు, నవ్వు దాచుకోవడానికని మాకందరికీ తెలుసు. పెద్దమాస్టారు గుమ్మడికాయ పైకెత్తి, మళ్లీ మూడోసారి దాకా వచ్చి, చెయ్యి గాల్లోనే ఆపి, మా వైపు తిరిగి, "ఊఁ, కొట్టండ్రా మరి" అన్నారు. ఆ ఏడాది వేలంపాట అంతా చర్చి కప్పు ఎగిరిపోయేలా సాగింది.

ఆ బడి ఇప్పుడు లేదు. పిల్లలు తగ్గారని దూరంలో ఉన్న ఇంకో బడిలో కలిపేశారు. పిల్లల్ని పసుపురంగు వ్యాన్లు పొద్దున్నే ఎక్కించుకుపోతాయి. వాళ్ల గదిలో గోడంత తెర ఉందట, ముట్టుకుంటే బొమ్మలు వస్తాయట, మంచిదే. దాన్ని రుద్దడానికి మాత్రం ఎవరూ దొండాకు తేనక్కర్లేదు. కాలవగట్టు మీద సిమెంటు రోడ్డు పడింది. రేవులో ఆడవాళ్లు లేరు, అవతలి ఒడ్డుకి చేతులూపే అవసరం ఎవరికీ లేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. మామ్మ లేదు, పెద్దమాస్టారూ లేరు.

పోయిన నెల సౌభాగ్యం టీచరుగారు కూడా వెళ్లిపోయారు. రాజోలు దగ్గర సమాధుల తోటకి, ఎవరు కబురు పెట్టారో, మా తరగతివాళ్లు చాలామందే వచ్చారు. రాజు అనే పేరు పెట్టుకున్నవాడికి బట్టతల, రొయ్యల చెరువులు. ఒకత్తి నర్సు, ఒకడు వ్యాను నడుపుతాడు. పెట్టె దించాక, మా ఆచారం ప్రకారం తలో గుప్పెడు మన్ను తీసుకుని, ఆఖరి ప్రార్థన ముగిశాక వెయ్యడానికి నిలబడ్డాం. కుర్ర పాస్టరుగారు మంచి దీర్ఘంగానే అందుకున్నారు. గనుక, మరియు, కావున. కాసేపటికి కళ్లు తెరిచి చూద్దును గదా, గొయ్యి చుట్టూ నిలబడ్డ తెల్లజుట్లవాళ్లు, కళ్లజోళ్లవాళ్లు, ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే, మన్ను పట్టుకున్న పిడికిలి ఛాతీ దాకా ఎత్తి, ఎడమ అరచెయ్యి చాపి, చుక్క కోసం ఎదురుచూస్తున్నారు. నా చేతులూ అలాగే ఉన్నాయి. నా గొంతులో ఎన్నేళ్ల నాటిదో ఆ గడియ మళ్లీ పడింది.

ఆమెన్ అన్నారు. టప్‌మని పడ్డాయి పిడికిళ్లన్నీ. నాది పడలేదు. చెయ్యి కిందికి రానంది. నా పిడికిలి కిందికి వస్తే ఆవిడ వాక్యం అయిపోతుంది. ఎవరూ గుప్పిట విప్పలేదు. ఒక్కరి చేతిలోంచి కూడా మన్ను జారలేదు. గొయ్యి చుట్టూ అందరూ నా వైపు తిరిగి, ఆవిడ బల్ల దగ్గర నిలబడ్డట్టే, తొందర లేకుండా, జాలి లేకుండా, పని ఉండి ఆగినట్టు ఆగారు. ఏం జరుగుతోందో తెలియక పాస్టరుగారు కూడా ఆగారు. అవతలి ఒడ్డు నుంచి బట్టతల రాజు వేలు కొక్కెంలా వంచి గాలి పీల్చాడు. నేనూ పీల్చాను. గుద్దాను.

అప్పుడందరం గుప్పిళ్లు విప్పాం.

దొండపాదు కింద నిలబడి ఇదంతా తలచుకునేసరికి ఎండ పైకొచ్చింది. కుళాయి కింద బకెట్టు నిండి పొర్లిపోతోంది. చేతులు ఇంకా కడుక్కోలేదు.